రేపటి మూడో పీరియడ్ కోసం చదవండి

టీచర్లు చదవరన్న మాటలో నిజం లేదు. పొద్దున లేస్తే సర్క్యులర్లు చదువుతారు, జీవోలు చదువుతారు, జీవో మీద వాట్సాప్ గ్రూపులో వచ్చిన వివరణ చదువుతారు, ఆ వివరణ మీద రాత్రి పదకొండు దాకా సాగిన తగువు కూడా చదువుతారు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలకు చదువుతారు. టెట్‌కీ డీఎస్సీకీ ఎంత చదివారో ఇంట్లోవాళ్లను అడిగితే తెలుస్తుంది. పియాజే దశలు నాలుగూ వయసులతో సహా, వైగాట్‌స్కీ, బ్రూనర్, బ్లూమ్ అందరూ నోటికొచ్చిన రోజులవి. తమాషా ఏమిటంటే ఆ చదువంతా ఎదురుగా పిల్లలు లేనప్పుడు జరిగింది. పిల్లలు వచ్చి ఎదురుగా కూర్చున్నాక, ఆ చదువుతో అసలు పని పడ్డాక, పుస్తకాలు అటకెక్కాయి.

అందుకని ఎక్కువ చదవమని ఇక్కడ చెప్పబోవడం లేదు. తక్కువే చదవండి. రేపు మూడో పీరియడ్‌లో మీరు అడుగుపెట్టే ఆ ఒక్క తరగతి కోసం చదవండి.

స్ఫూర్తి పుస్తకాలను ముందే పక్కన పెట్టేద్దాం. మహా గురువుల జీవితాలు, విజయానికి మెట్లు, ఉత్తమ ఉపాధ్యాయుడి లక్షణాలు... వీటివల్ల చెడేదేమీ లేదు. ఆదివారం సాయంత్రం చదివితే ఉత్సాహం పుడుతుంది. సోమవారం రెండో బెల్లు కొట్టేసరికి అది దిగిపోతుంది. ఏడో తరగతి పిల్లాడికి రుణ సంఖ్యల తీసివేత ఎక్కడ మెలికపడిందో వాటిలో ఉండదు మరి. బోధన బాగుపడేది అలాంటి మెలికల దగ్గరే.

మరి ఏం చదవాలి? జాబితా తర్వాత. ముందు ఒక తప్పు జవాబు వెతకండి. మొన్నటి స్లిప్ టెస్టు కట్ట విప్పి చూడండి. 0.35, 0.4 ఈ రెంటిలో ఏది పెద్దది అంటే సగం తరగతి 0.35 అని రాసి ఉంటుంది. స్వెటర్ ఎందుకు వెచ్చగా ఉంటుందంటే దానిలో వేడి ఉంటుంది కాబట్టి అని రాసి ఉంటారు. ఒకరిద్దరు రాస్తే అజాగ్రత్త అనుకోవచ్చు. ఇరవై మంది ఒకే తప్పు చేశారంటే వాళ్ల బుర్రలో ఒక సూత్రం ఉందన్నమాట. 35 అనేది 4 కంటే పెద్దది కాబట్టి 0.35 పెద్దది. వాళ్ల లెక్కలో అది సబబే. ఆ తప్పును ఒక చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఇప్పుడు మీ దగ్గర ఒక ప్రశ్న ఉంది. ఏ పుస్తకం తెరిచినా, ఏ వ్యాసం తిరగేసినా దేనికోసం వెతుకుతున్నారో మీకు తెలుసు.

తెరవాల్సిన మొదటి పుస్తకం మీ టేబుల్ మీదే ఉంది. పాఠ్యపుస్తకం. నవ్వకండి. లిపింగ్ మా అనే చైనా పరిశోధకురాలు 1999లో ఒక పుస్తకం ప్రచురించింది. అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఆవిడ కొన్ని మామూలు లెక్కలు ఇచ్చింది. అందులో ఒకటి: 1¾ ని ½ తో భాగించండి, దానికి సరిపోయే ఒక కథ లెక్క కూడా చెప్పండి. చైనా టీచర్లు 72 మందీ లెక్క సరిగ్గా చేశారు. అమెరికా టీచర్లలో చివరిదాకా సరైన జవాబు తెచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. కథ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఇంకా ఇబ్బందిగా తయారైంది. చాలామంది సగంతో భాగించడాన్ని ఇద్దరికి సమానంగా పంచడం అనుకున్నారు. అది రెండుతో భాగించడం.

ఈ పేరా చదువుతున్నవాళ్లు కూడా ఒక్క నిమిషం ఆగి ఓ కథ లెక్క తయారుచేసి చూడండి. తలకిందులు చేసి గుణిస్తే మూడున్నర వస్తుందని మనందరికీ తెలుసు. ఆ మూడున్నర ఏమిటి? ఒకటి ముప్పావు లీటర్ల పాలను అరలీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లవుతాయి అంటే, మూడు నిండు ప్యాకెట్లు, ఒక సగం ప్యాకెట్. అంతే. ఈ పాల ప్యాకెట్ తట్టని టీచరు తలకిందుల సూత్రాన్ని మాత్రమే చెప్పగలడు, పిల్లలు దాన్ని మాత్రమే బట్టీ పట్టగలరు.

ఇందులో నాకు బాగా పట్టిన విషయం వేరే ఉంది. ఆ చైనా టీచర్లు డిగ్రీల్లో మనకంటే, అమెరికా వాళ్లకంటే చాలా తక్కువ. బడి, శిక్షణ అన్నీ కలిపినా పదకొండు, పన్నెండేళ్ల చదువు. మరి అంత లోతు ఎక్కణ్నుంచి వచ్చింది? పాఠ్యపుస్తకాన్ని ఏడాదికేడాది కూర్చుని చదవడం వల్ల, లెక్కలు తామే రకరకాలుగా చేసి చూడటం వల్ల, తోటి టీచర్లతోనూ పిల్లలతోనూ మాట్లాడటం వల్ల వచ్చిందని వాళ్లే చెప్పారు. ఈ ఉదాహరణ ముందు ఎందుకు ఇచ్చారు, ఈ అంకెలే ఎందుకు ఎంచుకున్నారు, అభ్యాసంలో నాలుగో లెక్కకూ ఐదో లెక్కకూ మధ్య పిల్లాడు కొత్తగా ఏం ఆలోచించాలి అని అడుగుతూ చదవడం అది. మనం పాఠ్యపుస్తకం తెరిచేది పాఠం చెప్పడానికి. వాళ్లు తెరిచింది నేర్చుకోవడానికి.

మీ చీటీ మీద ఉన్న దశాంశాల తప్పునే తీసుకోండి. కింది తరగతి పుస్తకం, మీ తరగతి పుస్తకం, పై తరగతి పుస్తకం మూడూ పక్కపక్కన పరిచి దశాంశాలు ఎక్కడ ఎలా వచ్చాయో చూడండి. పిల్లలకు వాటిని డబ్బుతో పరిచయం చేసి ఉంటే నాలుగు రూపాయల ముప్పై అయిదు పైసలు 4.35 అవుతుంది. డబ్బులో 0.40 కనిపిస్తుంది గాని 0.4 ఎప్పుడూ కనిపించదు. పైసల లెక్కలో చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలే. చుక్కకు అటు రూపాయలు, ఇటు పైసలు, రెండూ వేరువేరు పూర్ణసంఖ్యలు అన్న అభిప్రాయం అక్కడే స్థిరపడి ఉండొచ్చు. అలాగైతే రేపు చేయాల్సిన పని మరోసారి సూత్రం చెప్పడం కాదు. సంఖ్యారేఖ మీద 0.4 ఎక్కడ కూర్చుంటుందో, 0.35 ఎక్కడ కూర్చుంటుందో పిల్లల చేతే గీయించడం. మూడు పాఠ్యపుస్తకాలు, అరగంట, ఒక తప్పు జవాబు. ఇంతకంటే అక్కరకొచ్చే వృత్తి పఠనం నాకు తెలియదు.

రెండోది ఒక చిన్న వ్యాసం. బరాక్ రోజెన్‌షైన్ రాసిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్’. 2010లో అంతర్జాతీయ విద్యా సంస్థల కోసం ఒక చిన్న పుస్తకంగా వచ్చింది, 2012లో అమెరికన్ టీచర్ల సంఘం పత్రికలో మళ్లీ వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పది పేజీలకు మించదు, ఇంగ్లిషు తేలికే. బీఈడీ పుస్తకాల్లో ఉండే గంభీరమైన నిర్వచనాలు ఇందులో ఉండవు. నిన్నటి పాఠాన్ని కాసేపు గుర్తుచేయండి, కొత్తదాన్ని చిన్న చిన్న అడుగుల్లో చెప్పండి, ప్రతి అడుగు తర్వాతా చేయించి చూడండి, చాలా ప్రశ్నలు అడగండి, అందరి జవాబులూ తెలుసుకోండి. ఇదంతా మనకు తెలుసే అనిపిస్తుంది. అయితే అందులో ఒక అంకె నన్ను ఆపింది. నలభై నిమిషాల గణితం పీరియడ్‌లో బాగా నేర్పే టీచర్లు దాదాపు 23 నిమిషాలు చెప్పడానికీ, చేసి చూపడానికీ, ప్రశ్నలకూ వాడితే, అంతగా ఫలితం రానివాళ్లు 11 నిమిషాలే వాడారట. ఈ రెండోరకం వాళ్లు త్వరగా చెప్పేసి పిల్లలకు లెక్కలు అప్పగించేశారు. పిల్లలు తప్పులు చేశారు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బోర్డు మీద రెండు లెక్కలు చేసి ‘మిగతావి హోంవర్క్’ అనే మన అలవాటును ఈ అంకె పక్కన పెట్టి చూసుకోండి.

ఆ వ్యాసంలోనే ఇంకో మాట ఉంది. ‘ఎవరికైనా సందేహాలున్నాయా’ అని అడిగి, ఎవరూ చెయ్యెత్తకపోతే అందరికీ అర్థమైందనుకుని ముందుకు వెళ్లడం ఫలితం రాని టీచర్ల పద్ధతి అని. మన బళ్లలో దీని రూపం ‘అర్థమైందా?’. జవాబు ‘అర్థమైంది సాఆఆర్’. ఇది పాఠానికి మంగళహారతి తప్ప ప్రశ్న కాదు. దాని బదులు చేతిలో పలకో, నోట్సు చివరి పేజీయో ఉంటే చాలు. ‘0.5కీ 0.6కీ మధ్య ఒక సంఖ్య రాసి పైకెత్తండి’ అనండి. నలభై నోట్సులు పైకి లేచిన ఆ పది సెకన్లలో మీకు తెలిసేది ఏ స్లిప్ టెస్టూ చెప్పదు. మధ్యలో ఏమీ లేదని రాసినవాళ్లు ఎందరో, 0.55 రాసినవాళ్లు ఎందరో అక్కడికక్కడ కనబడిపోతుంది.

మనవాళ్లకు మరో అలవాటు ఉంది, దీనిమీద నాకు ఎప్పట్నుంచో కోపం. ‘నీటి ఆవిరి పైకి వెళ్లి చల్లబడి ఏమవుతుంది? మే...?’ ‘ఘాలూ!’ మొదటి అక్షరం సార్‌ది, మిగతాది తరగతిది. వరండాలో నడిచివెళ్లే ఇన్‌స్పెక్షన్ వాళ్లకు ఇది భలే చురుకైన పాఠంలా వినిపిస్తుంది. అందులో ‘ఘాలు’ అన్నవాళ్లలో ఆవిరి గురించి ఆలోచించినవాళ్లు ఎందరు? జాన్ హోల్ట్ అమెరికాలో అయిదో తరగతి పిల్లల్ని వెనక కూర్చుని గమనించి రాసుకున్న పుస్తకం ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ 1964లో వచ్చింది. పిల్లలు లెక్కను చూడరు, టీచరు ముఖం చూస్తారని అందులో ఆయన పట్టి చూపిస్తాడు. జవాబు చెబుతూ మన కళ్లను, మన చాక్‌పీస్ చేతిని గమనించి, కనుబొమ్మ కదిలితే సగంలో మాట మార్చేస్తారు. ఆ పుస్తకం చదివాక ఏ టీచరూ తన ముఖం గురించి ఒకసారి ఆలోచించకుండా తరగతిలోకి వెళ్లలేడు.

దీనికి విరుగుడు దాదాపు ఖర్చు లేనిది. మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970ల మొదట్లో తరగతి గదుల్లో మాటల్ని టేపుల్లో రికార్డు చేసి విన్నది. టీచరు ప్రశ్న అడిగాక సగటున ఆగేది ఒక్క సెకను. ఆ తర్వాత తానే చెప్పేస్తుంది, లేదా ఇంకొకరిని అడుగుతుంది. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి, అడక్కుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు. పిల్లాడు జవాబు చెప్పిన తర్వాత కూడా ఆగడం ముఖ్యమని ఆవిడ చెప్పింది. అక్కడే చాలామంది జారిపోతాం, ‘గుడ్, కూర్చో’ అనేస్తాం. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దం బాగా ఇబ్బంది పెడుతుంది. పక్క క్లాసు మేడమ్ తొంగిచూసి పాఠం ఆగిపోయిందనుకుంటుందేమో అనిపిస్తుంది. అనుకోనివ్వండి.

ఎర్ర పెన్ను గురించి కూడా ఒక అధ్యయనం చదవాలి. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించింది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూసింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ ఇస్తే ఇంకా బాగుండాలి కదా? మార్కులు మాత్రమే వచ్చినవాళ్లకు భిన్నంగా ఏమీ జరగలేదు. అంకె కనబడగానే చూపు అక్కడే ఆగిపోతుంది. మనకు మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించక తప్పదు, ఒప్పుకుంటాను. ఎక్కించండి, రిజిస్టర్లో రాసుకోండి. పిల్లాడి కాగితం మీద మాత్రం మొదటి రెండు రోజులూ అంకె లేకుండా ఒకే వాక్యం రాసివ్వండి. ‘గుడ్’, ‘కీప్ ఇట్ అప్’ వాక్యాలు కావు. ‘రెండో మెట్టులో హారం ఎందుకు మారిందో చెప్పు’ వాక్యం.

తెలుగులో చదవాలనుకునేవాళ్లకు దారులు లేకపోలేదు. వకీలు పని వదిలేసి భావనగర్‌లో 1920లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’ మనకు ‘పగటికల’గా దొరుకుతుంది. చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రం పని. దాన్ని అందరూ కథలు చెప్పే బడి గురించి అని గుర్తుపెట్టుకుంటారు. నాకు నచ్చేది అందులో మొదటి రోజు. ఆ మాస్టారు ఎంతో చదివి, ప్రణాళిక రాసుకుని వెళ్లి, పిల్లల చేత నిశ్శబ్దపు ఆట ఆడించబోతాడు. ఆట ఘోరంగా బెడిసికొడుతుంది, తరగతి గోల చేస్తుంది. మర్నాడు ఆయన ప్రణాళిక పక్కన పెట్టి కథ మొదలుపెడతాడు. చదివింది అచ్చంగా దించేయాలని చూస్తే ఏమవుతుందో ఇంత నిజాయితీగా రాసిన పుస్తకాలు తక్కువ. టెట్సుకో కురొయనాగి ‘రైలుబడి’ని కూడా చాలామంది రైలు పెట్టెల కోసం చదువుతారు. టీచరు చూడాల్సింది ఇంకోచోట ఉంది. ఆ రోజు చేయాల్సిన అన్ని సబ్జెక్టుల పనినీ పొద్దున్నే బోర్డు మీద రాసేసి, ఎవరికి ఇష్టమైనదాంతో వాళ్లను మొదలుపెట్టమంటారు. దానివల్ల ఏ పిల్లకు ఏది ఇష్టమో, ఎలా ఆలోచిస్తోందో టీచరుకు తెలిసిపోతుంది. వారంలో ఒక్క డబుల్ పీరియడ్‌కు ఇది చేసి చూడొచ్చు, రైలు పెట్టె అక్కర్లేదు. గిరిజన ప్రాంతాల్లో పనిచేసేవాళ్లు వాడ్రేవు చినవీరభద్రుడు ‘కొన్ని కలలు, కొన్ని మెలకువలు’ తప్పక చదవాలి. ఇంగ్లిషు చదవగలిగితే హైదరాబాద్ నుంచి 1989 మొదలు వస్తున్న ‘టీచర్ ప్లస్’ ఉంది. లెక్కల వాళ్లకు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వారి ‘ఎట్ రైట్ యాంగిల్స్’ ఉచితం.

చదివినదల్లా నమ్మకండి, అచ్చయినంత మాత్రాన, శిక్షణలో స్లైడు మీద కనిపించినంత మాత్రాన. చదివింది పది శాతం గుర్తుంటుంది, విన్నది ఇరవై శాతం, చేసింది తొంభై శాతం అనే పట్టిక మీరు చూసే ఉంటారు. ఎడ్గార్ డేల్ అనుభవాల శంకువు పేరుతో తిరుగుతోంది. డేల్ 1946లో వేసిన శంకువులో శాతాలే లేవు, ఎవరో తర్వాత అంటించారు. పిల్లల్ని చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని విడదీసి ఎవరి శైలిలో వాళ్లకు చెప్పాలన్న సిద్ధాంతానికీ సరైన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. ఇక విదేశీ పుస్తకాల్లో తరగతి అంటే పాతిక, ముప్పై మంది. మీకు అరవై మంది ఉండొచ్చు, లేదా ఒకే గదిలో అయిదు తరగతులుండొచ్చు. చదువుతూనే మార్జిన్‌లో రాసుకోండి, మన దగ్గర ఇది ఎలా అని.

తీరికేది అంటారా? మామూలు ప్రశ్నే. లీజర్ పీరియడ్ సబ్‌స్టిట్యూషన్‌కు పోతుంది, మిగిలింది యాప్‌లకు, మధ్యాహ్న భోజనం లెక్కలకు. రోజుకో గంట చదవమనే సలహాదారుకు బడి తెలియదని అర్థం. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏడాదికి కనీసం యాభై గంటల వృత్తి అభివృద్ధి ఉండాలంది. లెక్కేస్తే వారానికి గంట కూడా కాదు. శిక్షణలు అందులో ఎంత తింటాయో మీకు తెలుసు. మిగిలిన కాస్తలో, బస్సులో వెళ్తూనో, అన్నం తిన్నాకనో రెండు పేజీలు చాలు. ఒక నోట్సు పెట్టండి. ఎడమ పేజీలో చదివిన ఒక్క సంగతి, కుడి పేజీలో తరగతిలో చేస్తే ఏమైందో. కుడి పేజీ ఖాళీగా ఉంటే కొత్త పుస్తకం ముట్టుకోకండి. మూడు వారాలు చేసినా పిల్లల జవాబుల్లో తేడా రాకపోతే నిస్సంకోచంగా వదిలేసి ఇంకోటి పట్టుకోండి. ఫోన్‌లో పేరుకున్న వంద పీడీఎఫ్‌ల కంటే ఈ పద్ధతి మిమ్మల్ని వేగంగా ముందుకు తీసుకెళ్తుంది.

ఒంటరిగా సాగడం కష్టమనిపిస్తే జపాన్ టీచర్లను చూడండి. జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ 1999లో రాసిన ‘ద టీచింగ్ గ్యాప్’ వాళ్ల పాఠ అధ్యయనం గురించి వివరంగా చెబుతుంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒకే ఒక పాఠాన్ని వారాల తరబడి తయారుచేస్తారు. బోర్డు మీద ఏ మూల ఏం రాయాలో, పిల్లలు ఏయే జవాబులు చెప్పొచ్చో కూడా ముందే అనుకుంటారు. ఒకరు పాఠం చెబుతారు, మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లల్ని చూస్తారు. తర్వాత చర్చలో చెప్పిన టీచరే ముందు మాట్లాడతారు. ఏది కుదరలేదో వాళ్ల నోటే వస్తుంది కాబట్టి మిగతావాళ్లు విమర్శించినా నొప్పి ఉండదు. పాఠం అందరిదీ, తప్పూ అందరిదే. పాఠాన్ని దిద్ది మళ్లీ ఇంకో తరగతిలో చెబుతారు.

మనకు కాంప్లెక్స్ మీటింగులు ఉన్నాయి కదా. ఈసారి వెళ్లేటప్పుడు ఒకే సబ్జెక్టు వాళ్లు ముగ్గురు ముందే మాట్లాడుకోండి. ఒకరు రెండు పేజీలు జిరాక్స్ తెస్తారు. ఇద్దరు ఒకే తప్పు జవాబున్న పిల్లల నోట్సులు నాలుగైదు తెస్తారు. అరగంట వాటి చుట్టూ కూర్చుని, వచ్చే వారం చెప్పబోయే ఒక పాఠంలో మొదటి పది నిమిషాలను మాత్రం కలిసి రాయండి. ఎవరు ముందు చెబుతారో, ఎవరు వెళ్లి వెనక కూర్చుని ఏ ముగ్గురు పిల్లల్ని గమనిస్తారో అక్కడే తేల్చుకోండి. మన దగ్గర దీనికి ఒక షరతు అదనంగా పెట్టుకోక తప్పదు. టీ వచ్చేదాకా డీఏ, పీఆర్సీ ఊసు ఎవరూ ఎత్తకూడదు.